బ్యాటరీ మార్చే ముందు ఒక్కసారి మీటర్ పెట్టి చూడండి: కారు ఎలక్ట్రికల్ ఫాల్ట్ పట్టుకునే పద్ధతి

కారులో ఎలక్ట్రికల్ ప్రాబ్లమ్ వస్తే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి, ఎలా పట్టుకోవాలి అనేది ఈ ఎపిసోడ్‌లో చూద్దాం. చాలామంది మెసేజ్ పెడుతున్నారు, "బ్రో, బ్యాటరీ మార్చాను, అయినా పొద్దున్నే స్టార్ట్ అవట్లేదు" అని. మా ఇంట్లో కూడా సరిగ్గా ఇదే జరిగింది. ఒక బ్యాటరీ డబ్బులు, మూడు ట్రిప్పులు పోయాయి. ఇంకో 9 వేలు పోయేవే, ఆఖరి నిమిషంలో ఆగాం. అందుకే థియరీ కాకుండా మా బండి కథే చెప్తాను, మధ్యలో టెస్టులు ఎలా చేయాలో చూపిస్తాను.

మాది విజయవాడ. నాన్న క్యాబ్ నడుపుతారు. డీజిల్ సెడాన్, లోన్ పెట్టి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం, ఈఎంఐ ఇంకా నడుస్తోంది. దాదాపు రోజూ తెల్లవారుజామున 4 గంటలకి గన్నవరం ఎయిర్‌పోర్ట్ ట్రిప్ ఉంటుంది. ఆదివారం మాత్రం బండి తీయరు.

ఫిబ్రవరిలో ఒక సోమవారం సెల్ఫ్ కొడితే టిక్ టిక్ టిక్ అని శబ్దం, అంతే. డాష్‌బోర్డ్ లైట్లు మసకబారిపోయాయి. పక్కింటాయన్ని నిద్రలేపి, జంపర్ కేబుల్ పెట్టి స్టార్ట్ చేసేసరికి ప్యాసింజర్ వేరే బండి ఎక్కి వెళ్ళిపోయాడు. మెకానిక్ అన్న చూసి "బ్యాటరీ అయిపోయింది" అన్నాడు. 6,500 పెట్టి కొత్తది వేయించాం. మూడు వారాలు బానే ఉంది. మళ్ళీ ఒక సోమవారం అదే టిక్ టిక్. ఆ తర్వాత ఇంకో సోమవారం. ఈసారి "డైనమో చార్జ్ చేయట్లేదు, మార్చాలి, 9 వేలవుతుంది" అన్నాడు.

నాన్న ఒప్పేసుకున్నారు కూడా. ఆయనకి ఇంకో దారి లేదు. అప్పటికే రాత్రి 3 గంటలకి లేచి, కిందకి దిగి, బండి స్టార్ట్ అవుతుందో లేదో చూసుకుని వచ్చి పడుకునేవారు. నేను మెకానిక్‌ని కాదండి, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివాను. "ఒక్క రోజు ఆగు నాన్నా, ముందు కొలిచి చూద్దాం" అన్నాను.

మేడ మీద ట్యాంకు లెక్క

కారు కరెంటు అర్థం కావాలంటే మన మేడ మీద నీళ్ళ ట్యాంకుని గుర్తుపెట్టుకోండి. బ్యాటరీ అంటే ట్యాంకు. డైనమో, అంటే ఆల్టర్నేటర్, ఆ ట్యాంకు నింపే మోటరు. వైర్లు పైపులు. లైట్లు, సెల్ఫ్ మోటరు, మ్యూజిక్ సిస్టమ్ కుళాయిలు.

పొద్దున్నే లేచేసరికి ట్యాంకు ఖాళీ. కారణం ఏం కావచ్చు? ట్యాంకు పగిలి ఉండొచ్చు. మోటరు నింపకపోయి ఉండొచ్చు. పైపులో ఏదో అడ్డం పడి ఉండొచ్చు. లేదా రాత్రంతా ఎక్కడో ఒక కుళాయి కారుతూ ఉండొచ్చు. ఈ నాలుగే. కుళాయి కారుతుంటే కొత్త ట్యాంకు కొని ఏం లాభం? అది కూడా ఖాళీ అవుతుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా. మేం చేసింది అదే.

ఈ నాలుగింటినీ విడదీయడానికి నాలుగు టెస్టులున్నాయి. కావలసింది ఒక డిజిటల్ మల్టీమీటర్, ఒక 10 నంబర్ స్పానర్, మీ ఫోన్. నా మీటర్ 350 రూపాయలది.

మొదలుపెట్టే ముందు మూడు జాగ్రత్తలు

ఒకటి. మీటర్‌కి మూడు రంధ్రాలుంటాయి. నల్ల వైరు ఎప్పుడూ "కామ్" అని రాసిన దాంట్లోనే. వోల్టేజ్ చూసేటప్పుడు ఎర్ర వైరు "వీ" అని ఉన్న దాంట్లో, ఆంప్స్ చూసేటప్పుడు మాత్రమే "10ఏ" అన్న దాంట్లో. ఎర్ర వైరు 10ఏలో మర్చిపోయి బ్యాటరీ రెండు టెర్మినల్స్ మీద పెట్టారో, అది డైరెక్ట్ షార్ట్. మీటర్ కాలిపోతుంది, మీ చెయ్యి కూడా కాలొచ్చు.

రెండు. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్ తీయాలి, బిగించేటప్పుడు మైనస్ ఆఖర్న. ఎందుకంటే కారు బాడీ మొత్తం మైనస్సే. ప్లస్ ముందు విప్పుతుంటే స్పానర్ పొరపాటున బాడీకి తగిలితే మంటలు వస్తాయి. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసేయండి.

మూడు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకొద్దు. "ఆగిపోతే డైనమో పోయినట్టు" అని పాతకాలం టెస్ట్ ఒకటుంది, ఇప్పటికీ చేస్తారు. పాత అంబాసిడర్ల రోజుల్లో నడిచింది. ఇప్పుడు బండి నిండా కంప్యూటర్లు. బ్యాటరీ ఒక్కసారిగా పీకితే ఆల్టర్నేటర్ వోల్టేజ్ ఎగిసిపడి ఈసీయూ పోవచ్చు. మా మెకానిక్ అన్న స్పానర్ పెట్టబోతే నేనే ఆపాను.

ఇంకో మాట. పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుల్స్ హై వోల్టేజ్‌వి. వాటి జోలికి అస్సలు వెళ్ళొద్దు.

టెస్ట్ 1: ట్యాంకులో నీళ్ళున్నాయా?

మీటర్ 20 వోల్ట్ డీసీలో పెట్టండి. బండి ఆపి కనీసం రెండు గంటలయ్యాక ఎర్రది ప్లస్ మీద, నల్లది మైనస్ మీద. 12.6 దగ్గర వస్తే ఫుల్. 12.4 అంటే ముప్పావు. 12.2 అంటే సగం. 12 అంటే పావు. 11.8 అంటే ఖాళీ అనే అనుకోండి. చూడ్డానికి తేడా ఒక్క వోల్ట్ కూడా లేదు, అందుకే "12 చూపిస్తోంది కదా, బానే ఉంది" అని చాలామంది మోసపోతారు.

తర్వాత సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎంతకి పడుతుందో చూడాలి. ఒక్కరే ఉంటే ఫోన్‌ని మీటర్ ముందు పెట్టి వీడియో ఆన్ చేసి వెళ్ళి సెల్ఫ్ కొట్టండి. తర్వాత స్లోగా చూసుకోవచ్చు. ఫుల్ చార్జ్ ఉన్న బ్యాటరీ కూడా 9.6 కంటే కిందకి పడిపోతే బ్యాటరీ బలహీనమైనట్టు.

మా బండి సోమవారం పొద్దున 11.8. అదే రోజు జంప్ చేసి, రోజంతా తిరిగి వచ్చాక సాయంత్రం 12.5. సెల్ఫ్ కొడితే 10.4. అంటే ట్యాంకు మంచిదే, రోజూ నిండుతోంది కూడా.

టెస్ట్ 2: మోటరు నింపుతోందా?

ఇంజిన్ స్టార్ట్ చేసి అదే రెండు చోట్లా మీటర్ పెట్టండి. సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. హెడ్‌లైట్లు, ఏసీ, వెనక అద్దం హీటర్ అన్నీ ఆన్ చేసినా 13.5 పైనే నిలబడాలి. ఇంజిన్ నడుస్తున్నా 12.3 దగ్గరే ఉండి మెల్లగా తగ్గుతుంటే చార్జింగ్ లేదని అర్థం. 15 దాటితే రెగ్యులేటర్ పోయినట్టు, అది బ్యాటరీని ఉడకబెడుతుంది.

కొత్త కార్లలో కొన్నిటికి స్మార్ట్ చార్జింగ్ ఉంటుంది. బ్యాటరీ నిండగానే కంప్యూటరే వోల్టేజ్ తగ్గిస్తుంది. అలాంటి బండిలో ఒక్క రీడింగ్ చూసి డైనమో పోయిందని చెప్పొద్దు. హెడ్‌లైట్లు వేసి, కాస్త రేస్ చేసి మళ్ళీ చూడండి.

మా బండిలో 14.2. అన్నీ ఆన్ చేస్తే 13.9. డైనమో నిక్షేపంలా ఉంది. ఈ ఒక్క రీడింగ్‌తో 9 వేలు మిగిలాయి. పట్టిన టైమ్ రెండు నిమిషాలు.

టెస్ట్ 3: పైపులో అడ్డం ఉందా?

ఇది చాలామంది వదిలేసే టెస్ట్. బ్యాటరీ మంచిది, డైనమో మంచిది, అయినా సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది. కారణం చాలాసార్లు ఎర్త్ వైరు. బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి, ఇంజిన్‌కి వెళ్ళే లావు వైరు, దాని బోల్టు దగ్గర తుప్పు, చిలుము.

దీన్ని ఓమ్స్‌లో పెట్టి చూస్తే దొరకదు. ఎందుకో చెప్తాను. డీజిల్ బండికి సెల్ఫ్ కొట్టేటప్పుడు 200 ఆంప్స్ పైనే లాగుతుంది. ఆ దారిలో 0.01 ఓమ్ అడ్డం ఉందనుకోండి. 200 ఇంటూ 0.01, అంటే 2 వోల్టులు అక్కడే పోయాయి. మన మీటర్ 0.01 ఓమ్‌ని సరిగా చూపించలేదు, "సున్నా, బానే ఉంది" అనేస్తుంది. లోపల తీగలన్నీ తెగి ఒకే ఒక్క పోగు మిగిలినా ఓమ్స్‌లో బాగున్నట్టే చూపిస్తుంది.

అందుకే పని చేసేటప్పుడే కొలవాలి. మీటర్ వోల్ట్స్‌లో పెట్టి, ఒక వైరు బ్యాటరీ మైనస్ మీద, క్లాంప్ మీద కాదు, నేరుగా సీసం మొన మీద పెట్టండి. రెండో వైరు ఇంజిన్ మీద పెయింట్ లేని ఇనుము మీద. ఇప్పుడు సెల్ఫ్ కొట్టించండి. 0.2 లోపు వస్తే మంచిది. 0.5 దాటితే ఆ ఎర్త్ విప్పి, సాండ్‌పేపర్‌తో రుద్ది, గట్టిగా బిగించాలి. ఖర్చు సున్నా. ప్లస్ వైపు కూడా ఇలాగే, బ్యాటరీ ప్లస్ నుంచి సెల్ఫ్ మోటర్ ప్లస్ వరకు చూడొచ్చు.

ఒక గుర్తు కూడా ఉంది. బ్రేక్ వేస్తే ఇండికేటర్ వెలగడం, ఒక హెడ్‌లైట్ మాత్రమే మసకగా ఉండటం, సంబంధం లేని లైట్లు కలిసి వెలగడం, ఇలాంటి దయ్యం పట్టిన వేషాలు కనిపిస్తే ముందు ఎర్త్ చూడండి. కరెంటుకి తన దారి మూసుకుపోతే పక్క దారిలో దూరుతుంది.

మా బండికి 0.15 వచ్చింది. పైపులు కూడా మంచివే. ఇక మిగిలింది ఒక్కటే, ఎక్కడో కుళాయి కారుతోంది.

టెస్ట్ 4: రాత్రి ఎవరు తాగుతున్నారు?

బండి ఆపి తాళం తీసినా గడియారం, లాక్, అలారం లాంటివాటికి కొంచెం కరెంటు పోతూనే ఉంటుంది. అది 0.05 ఆంప్, అంటే 50 మిల్లీ ఆంప్స్ లోపు ఉంటే సాధారణం.

ఇలా చూడాలి. అన్నీ ఆఫ్ చేసి, తాళం తీసి, డోర్లు వేసేయండి. కీలెస్ తాళం అయితే దూరంగా పెట్టండి. బోనెట్ మాత్రం తెరిచి ఉంచండి. మైనస్ క్లాంప్ విప్పి, మీటర్ ఎర్ర వైరు 10ఏ రంధ్రంలోకి మార్చి, క్లాంప్‌కి, బ్యాటరీ మైనస్‌కి మధ్యలో మీటర్ కలపండి. ఇప్పుడు కరెంటంతా మీటర్ లోంచే పోతుంది. ఈ స్థితిలో పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టొద్దు, మీటర్ ఫ్యూజ్ పోతుంది.

కలపగానే 2, 3 ఆంప్స్ కనిపిస్తే కంగారు పడొద్దు. కారులో కంప్యూటర్లు మేలుకుని ఉంటాయి, నిద్రపోవడానికి 20 నుంచి 40 నిమిషాలు పట్టొచ్చు. టీ తాగి రండి. అప్పుడు చూసిన అంకె అసలు అంకె.

మా బండి 3.1 దగ్గర మొదలై తగ్గింది. 0.92 దగ్గర ఆగింది. 40 నిమిషాలైనా అదే. అంటే ఉండాల్సిన దానికి 18 రెట్లు.

ఇక్కడే సోమవారం రహస్యం తెలిసింది. శనివారం రాత్రి 9కి బండి ఆపితే సోమవారం పొద్దున 4 వరకు 31 గంటలు. 31 ఇంటూ 0.9, దాదాపు 28 ఆంపియర్ అవర్. మా బ్యాటరీ 60. అంటే దాదాపు సగం ట్యాంకు వృథా. మిగతా రోజుల్లో రాత్రి ఏడు గంటలే ఆగుతుంది కాబట్టి ఎలాగోలా స్టార్ట్ అయ్యేది. ఇలా మాటిమాటికీ ఖాళీ అయితే లెడ్ యాసిడ్ బ్యాటరీ లోపల ప్లేట్లు గట్టిపడి దాని శక్తే తగ్గిపోతుంది. కొత్త బ్యాటరీ మూడు వారాలకే చేతులెత్తేసింది అందుకే. "ఎప్పుడెప్పుడు ఆగుతోంది?" అని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

సరే, తాగేది ఎవరు? చాలామంది ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి అంకె ఎప్పుడు పడిపోతుందో చూస్తారు. అదీ పద్ధతే, కానీ ఫ్యూజు పీకి పెట్టినప్పుడల్లా కంప్యూటర్లు మళ్ళీ మేలుకోవచ్చు. అందుకని ఫ్యూజు పీకకుండానే చూసే పద్ధతి చెప్తాను. ఇంకో మీటర్ ఉంటే దాన్ని మిల్లీ వోల్ట్స్‌లో పెట్టండి. ఒకటే ఉంటే మైనస్ క్లాంప్ మళ్ళీ బిగించి, బండిని నిద్రపోనిచ్చి, ఎర్ర వైరు వోల్ట్స్ రంధ్రంలోకి మార్చుకుని అదే వాడండి. ఫ్యూజు నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి, వాటి మీద రెండు మొనలూ ఆనించండి. సున్నా అంటే దాంట్లో కరెంటు పోవట్లేదు. అంకె వచ్చిందంటే ఆ దారిలో ఎవరో తాగుతున్నారు. ఏ ఫ్యూజు దేనిదో మూత వెనక రాసి ఉంటుంది, ముందే ఫోటో తీసి పెట్టుకోండి.

మా బండిలో లోపలి బాక్స్, బోనెట్ కింద బాక్స్, అన్నీ చూశాను. ఒకటి రెండు చోట్ల చిన్న అంకె, మిగతావన్నీ సున్నా. 0.9 ఆంప్ ఎక్కడా లేదు. అప్పటికి రాత్రి పదిన్నర. నాన్న స్టూల్ మీద కూర్చుని ఫోన్ టార్చ్ పట్టుకుని ఉన్నారు.

ఏ ఫ్యూజులోనూ లేదంటే ఫ్యూజు బాక్స్‌తో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీ నుంచి పోతోందని అర్థం. బ్యాటరీ ప్లస్ క్లాంప్ దగ్గర టార్చ్ వేయమన్నాను. కంపెనీ ఇచ్చిన లావు కేబుల్స్ పక్కన ఒక ఎర్ర వైరు. టేపు చుట్టి ఉంది. ఫ్యూజు లేదు. బోనెట్ లోంచి లోపలికి, సీటు కింద నుంచి డిక్కీ దాకా.

ఆ వైరు నాకు తెలుసు. సంక్రాంతికి నాన్నకి సర్‌ప్రైజ్ అని ఒక షాపులో సబ్ ఊఫర్, ఆంప్లిఫైయర్ పెట్టించాను. ఆ వైరు పెట్టించింది నేనే.

ఆంప్లిఫైయర్‌కి మూడు ముఖ్యమైన వైర్లుంటాయి. ఒకటి బ్యాటరీ ప్లస్, ఒకటి ఎర్త్, మూడోది రిమోట్. రిమోట్ వైరు మ్యూజిక్ సిస్టమ్ వెనక ఉండే నీలం వైరుకి కలపాలి. సిస్టమ్ ఆన్ చేస్తే ఆంప్ మేలుకుంటుంది, ఆఫ్ చేస్తే నిద్రపోతుంది. షాపులో ఆ శ్రమ ఎందుకని రిమోట్‌ని కూడా బ్యాటరీ ప్లస్‌కే కలిపేశారు. అంటే పాట లేకపోయినా 24 గంటలూ ఆంప్ మేలుకునే ఉంది. డిక్కీ తీసి చెయ్యి పెట్టి చూశాను. బండి ఆపి గంటలు దాటినా అది గోరువెచ్చగా ఉంది.

అసలు భయం వేసింది ఆ తర్వాత. ఇంజిన్ వైపు నుంచి లోపలికి వచ్చే రేకు రంధ్రం దగ్గర రబ్బరు బుష్ లేదు. రేకు అంచుకి రాసుకుని వైరు తోలు ఊడి రాగి కనిపిస్తోంది. అది రేకుకి పూర్తిగా తగిలి ఉంటే? ఫ్యూజు లేదు కాబట్టి ఆపేదేమీ లేదు. బ్యాటరీ వందల ఆంప్స్ తోసేస్తుంది, వైరు క్షణాల్లో ఎర్రగా కాలుతుంది. ఆ బండిలో మా నాన్న ఉంటారు, వెనక ఎవరో ప్యాసింజర్ ఉంటారు.

"ఇది నేను పెట్టించిందే నాన్నా" అన్నాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "సరేలే, కాలకముందే దొరికింది. పొద్దున ట్రిప్ ఉంది, బిగించేసి పడుకో" అన్నారు. ఆ రాత్రి వైరు పీకేసి మీటర్ చూస్తే 0.03. ఆ తెల్లారి 3 గంటలకి ఆయన కిందకి దిగలేదు.

తర్వాత ఆటోనగర్‌లో సామాన్లు కొని సరిగా చేశాను. బ్యాటరీ నుంచి జానెడు దూరంలోపే ఫ్యూజు హోల్డర్, రేకు దగ్గర రబ్బరు బుష్, రిమోట్ నీలం వైరుకి.

ఫ్యూజు గురించి ఒక్క మాట

ఫ్యూజు ఉన్నది వైరుని కాపాడటానికి. ఎరుపు 10 ఆంప్స్, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. నీలం పోతోందని ఆకుపచ్చది పెట్టడం, సిగరెట్ ప్యాకెట్ రేకు చుట్టి పెట్టడం, ఇవి చేయొద్దు. 15కి సరిపడే వైరులో 30 పోతే ఫ్యూజు బతుకుతుంది, వైరు కాలుతుంది. అదే రేటింగ్ ఫ్యూజు మార్చాక మళ్ళీ పోతే, ఎక్కడో షార్ట్ ఉంది, వెతకాల్సిందే.

చిన్న చిన్నవి కూడా చెప్పేస్తాను. ఇండికేటర్ ఒక వైపు గబగబా కొట్టుకుంటే ఆ వైపు ఒక బల్బు పోయినట్టు. బ్లోయర్ ఆఖరి స్పీడ్‌లో మాత్రమే తిరుగుతుంటే మోటరు కాదు, రెసిస్టర్ పోయింది. హారన్ మోగకపోతే అదే నంబరున్న పక్క రిలే తీసి దాని చోట పెట్టి చూడండి. మోగితే రిలేనే. ఓబీడీ స్కానర్ పెడితే ఒకేసారి పది ఎర్రర్ కోడ్స్ వచ్చాయా? ముందు వోల్టేజ్ చూడండి. పీ0562 అంటే సిస్టమ్ వోల్టేజ్ తక్కువ అని. వోల్టేజ్ పడిపోతే సెన్సర్లన్నీ తప్పు చెప్తాయి, వాటిని మార్చుకుంటూ పోతే డబ్బులు దండగ. పని అయ్యాక ఆ స్కానర్ తీసేయండి, అది కూడా రాత్రంతా కరెంటు తాగుతుంది.

వైర్లు కాలిన వాసన వచ్చినా, ఎక్కడైనా కరిగినట్టు కనిపించినా వెంటనే మైనస్ తీసేసి మంచి ఆటో ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. అక్కడ ప్రయోగాలొద్దు. కానీ వాళ్ళకి మీ అంకెలు చెప్పండి. "బ్యాటరీ 12.5, చార్జింగ్ 14.2, ఆఫ్‌లో 0.92 పోతోంది" అని చెప్తే వాళ్ళకీ పని తేలిక. మా మెకానిక్ అన్నకి చూపిస్తే "ఇది ముందే తెలిస్తే బ్యాటరీ మార్చమనేవాణ్ణే కాదు" అన్నాడు. నిజమే, తప్పు ఆయనది ఒక్కడిదే కాదు.

కాబట్టి ఏదైనా పార్టు కొనే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. సరిగ్గా ఎప్పుడు ఆగుతోంది? ఈ మధ్య బండికి కొత్తగా ఏం పెట్టించాం? రెండో ప్రశ్న నేను ఫిబ్రవరిలోనే వేసుకుని ఉంటే ఈ వీడియోనే ఉండేది కాదు.

మీ బండికి కూడా బయట పెట్టించిన మ్యూజిక్ సిస్టమ్, డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్ ఉంటే ఈ ఆదివారం ఒక్కసారి బోనెట్ ఎత్తి ఆ వైరు ఎక్కడి నుంచి వచ్చిందో, దానికి ఫ్యూజు ఉందో లేదో చూడండి. రీడింగ్స్ తీస్తే కామెంట్‌లో పెట్టండి, చూసి చెప్తాను.